పారలాక్స్ సర్దుబాటు: రైఫిల్ స్కోప్ నుంచి డంపీ లెవెల్ వరకు

డంపీ లెవెల్‌ను పొలంలో నిలిపిన ప్రతిసారీ చేయవలసిన తాత్కాలిక సర్దుబాట్లు మూడు. త్రిపాదిపై పరికరాన్ని అమర్చడం మొదటిది. ఫుట్ స్క్రూలతో బుడగను నడిమికి తేవడం రెండవది. పారలాక్స్‌ను, అంటే దృష్టి విక్షేపాన్ని, తొలగించడం మూడవది. వ్యవసాయ డిగ్రీ విద్యార్థుల ప్రాక్టికల్ రికార్డులలో ఈ మూడూ వరుసగా రాసి ఉంటాయి. పొలంలో మొదటి రెండూ జరుగుతాయి; మూడవది చాలాసార్లు రికార్డుకే పరిమితమవుతుంది. దీనికి కారణం కేవలం బద్ధకం అనుకోవడం సరికాదు. త్రిపాది కుంగితే తెలుస్తుంది, బుడగ పక్కకు జరిగితే కనిపిస్తుంది. పారలాక్స్ ఉన్నప్పుడు మాత్రం స్టాఫ్ మీది అంకెలు చక్కగానే కనిపిస్తాయి, రీడింగ్ వస్తుంది, ఫీల్డ్ పుస్తకంలోకి ఎక్కుతుంది. తప్పు జరిగిందన్న సూచన ఎక్కడా ఉండదు.

ఇదే దోషం వేట రైఫిల్‌పై అమర్చే స్కోప్‌లోనూ ఉంటుంది. అక్కడ తయారీదారులు దీని కోసం ప్రత్యేకంగా ఒక నాబ్‌ను ఏర్పాటు చేసి, దానిపై దూరాల అంకెలు కూడా చెక్కుతారు. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను నిషేధించింది. మనుషులకు గాని పంటలకు గాని ప్రమాదకరంగా మారిన కొన్ని జంతువుల విషయంలో మాత్రమే ఆ చట్టంలోని 11వ సెక్షన్ కింద అనుమతి ఇచ్చే వీలుంది. కనుక రైఫిల్ స్కోప్ విస్తరణ శాస్త్రవేత్త చేతిలోకి వచ్చే పరికరం కాదు. అయినా పారలాక్స్ సూత్రం అందులో కనిపించినంత విడిగా, స్పష్టంగా మరే పరికరంలోనూ కనిపించదు. ఆ స్కోప్‌ను అర్థం చేసుకున్న విద్యార్థికి డంపీ లెవెల్‌లోని మూడవ సర్దుబాటును వేరుగా బోధించవలసిన అవసరం దాదాపు ఉండదు.

దోషం పుట్టే చోటు

చేయి చాచి బొటనవేలిని దూరాన ఉన్న కొబ్బరిచెట్టు మొదలుకు సూటిగా పట్టి, తలను కుడి ఎడమలకు కదిలిస్తే వేలు చెట్టుపై అటూ ఇటూ జరిగినట్లు కనిపిస్తుంది. అదే చెట్టు మొదలుపై సున్నంతో గుర్తు పెట్టి చూస్తే, తల ఎంత కదిలినా గుర్తు చెట్టుపై ఉన్నచోటనే ఉంటుంది. వేలు, చెట్టు వేర్వేరు దూరాలలో ఉన్నాయి. గుర్తు, చెట్టు ఒకే దూరంలో ఉన్నాయి. పారలాక్స్ అంటే ఇంతే.

దూరదర్శిని గొట్టం లోపల కూడా ఇటువంటి రెండు వస్తువులు ఉంటాయి. ఒకటి, వస్తుకటకం ఏర్పరచే స్టాఫ్ ప్రతిబింబం. రెండు, డయాఫ్రమ్‌పై ఉండే క్రాస్ హెయిర్లు. స్కోప్‌లో వీటినే రెటికిల్ అంటారు. అక్షికటకం ద్వారా కన్ను ఈ రెండింటినీ ఒకేసారి చూస్తుంది. ప్రతిబింబం సరిగ్గా క్రాస్ హెయిర్ల తలంలో పడితే అది చెట్టుపై సున్నం గుర్తు వంటిది. కన్ను ఎటు జరిగినా రీడింగ్ మారదు. ప్రతిబింబం ఆ తలానికి కొంచెం ముందో వెనుకో పడితే అది బొటనవేలు, కొబ్బరిచెట్టు వ్యవహారం అవుతుంది. అప్పుడు కన్ను పైకి జరిగితే ఒక రీడింగ్, కిందికి జరిగితే మరొక రీడింగ్ వస్తుంది.

దూరదర్శినిలో దారాలు అమర్చవచ్చని 1640 ప్రాంతంలో కనుగొన్న ఇంగ్లండు ఖగోళ పరిశీలకుడు విలియం గాస్కోయిన్‌కు ఆ ఆలోచన ఒక సాలెపురుగు వల్ల వచ్చిందని చెబుతారు. దూరదర్శిని గొట్టంలో సాలెపురుగు అల్లిన పోగు ఆకాశంలోని దృశ్యంతోపాటు ఎంతో స్పష్టంగా కనిపించిందట. ఆ పోగు రెండు కటకాల ఉమ్మడి నాభి వద్ద పడి ఉండటమే అందుకు కారణం. అది మరొక చోట పడి ఉంటే మసకగా కూడా కనిపించేది కాదు. క్రాస్ హెయిర్ల చరిత్ర మొదలైన చోటనే పారలాక్స్ లేని స్థితి ఏమిటో తెలిసిందన్నమాట.

ప్రతిబింబం ఎక్కడ పడుతుందనేది వస్తువు దూరంపై ఆధారపడుతుంది. వస్తుకటకం నాభ్యంతరం 250 మి.మీ. అనుకుంటే, 100 మీటర్ల దూరంలోని స్టాఫ్ ప్రతిబింబం నాభికి 0.6 మి.మీ. అవతల ఏర్పడుతుంది, 20 మీటర్ల దూరంలోని స్టాఫ్ ప్రతిబింబం సుమారు 3.2 మి.మీ. అవతల ఏర్పడుతుంది. స్టాఫ్‌ను దగ్గరకు తెచ్చేసరికి ప్రతిబింబం రెండున్నర మిల్లీమీటర్లు వెనక్కు జరిగింది. క్రాస్ హెయిర్లు మాత్రం ఉన్నచోటనే ఉన్నాయి. ఈ తేడాను సరిచేయడానికే ఫోకసింగ్ స్క్రూ ఉంది. దానిని దృశ్యాన్ని స్పష్టం చేసే స్క్రూగా విద్యార్థులు భావిస్తారు. దాని అసలు పని ప్రతిబింబాన్ని క్రాస్ హెయిర్ల తలంలోకి తీసుకురావడం. దృశ్యం స్పష్టం కావడం దాని వెంట వచ్చే ఫలితం. అయితే ఆ ఫలితం రావాలంటే ఒక షరతు ముందే నెరవేరి ఉండాలి. ఆ షరతు ఏమిటో స్కోప్ చూపుతుంది.

రైఫిల్ స్కోప్‌లో రెండు వేర్వేరు సర్దుబాట్లు

సర్దుబాటు గల స్కోప్‌లో కంటివైపు ఒక రింగు ఉంటుంది. అది అక్షికటకాన్ని ముందుకు వెనుకకు జరుపుతుంది. దాని పని రెటికిల్‌ను చూసేవారి కంటికి స్పష్టం చేయడం మాత్రమే. లక్ష్యం ఎంత దూరంలో ఉన్నదనే దానితో దీనికి సంబంధం లేదు. ఒక వ్యక్తికి ఒకసారి సరిచేస్తే, ఆ వ్యక్తి చూపు మారేవరకు దానిని తాకనవసరం లేదు.

రెండవది పారలాక్స్ సర్దుబాటు. కొన్ని స్కోప్‌లలో ఇది వస్తుకటకం చుట్టూ రింగుగాను, మరికొన్నింటిలో గొట్టం ఎడమ పక్కన నాబ్‌గాను ఉంటుంది. లక్ష్యం దూరం మారినప్పుడల్లా దీనిని తిప్పవలసి ఉంటుంది. ఈ సర్దుబాటు లేని సాధారణ స్కోప్‌లను తయారీలోనే ఒక దూరానికి స్థిరపరుస్తారు. పెద్ద రైఫిళ్లకు అది సాధారణంగా 100 గజాలు; .22 రిమ్‌ఫైర్ రైఫిళ్లకు ఉద్దేశించిన స్కోప్‌లలో తరచుగా 50 గజాలు.

స్థిరపరచిన దూరం కాక వేరే దూరంలోని లక్ష్యాన్ని చూసినప్పుడు దోషం ఎంత వరకు ఉండవచ్చో సులభంగా లెక్కించవచ్చు. వస్తుకటకం వ్యాసంలో సగాన్ని, లక్ష్యం దూరానికి స్థిర దూరానికి గల తేడాతో గుణించి, స్థిర దూరంతో భాగించాలి. 40 మి.మీ. వస్తుకటకం గల స్కోప్‌ను 100 గజాలకు స్థిరపరచి ఉంటే, 50 గజాల వద్ద గరిష్ఠ దోషం 10 మి.మీ., 200 గజాల వద్ద 20 మి.మీ., 300 గజాల వద్ద 40 మి.మీ. అవుతుంది. కన్ను మధ్య అక్షం నుంచి పూర్తిగా అంచుకు జరిగినప్పుడు ఏర్పడే హద్దు ఇది. కన్ను సరిగ్గా మధ్యలో ఉంటే నాబ్ ఎక్కడ ఉన్నా దోషం సున్నా. అందుకే తుపాకీ మడమపై చెంపను ప్రతిసారీ ఒకే చోట ఆనించాలని శిక్షకులు పట్టుబడతారు. పెద్ద జంతువు విషయంలో నాలుగు సెంటీమీటర్లు అంతగా లెక్కకు రాకపోవచ్చు. దగ్గరలోని చిన్న లక్ష్యానికి ఒక సెంటీమీటరే గురి తప్పించడానికి సరిపోతుంది.

నాబ్‌పై చెక్కిన అంకెలను పూర్తిగా నమ్మకూడదన్నది అనుభవజ్ఞులు చెప్పే మాట. ఆ అంకెలు ఉజ్జాయింపు మాత్రమే. నాబ్ లోపలి మరల వదులు వల్ల ఒక వైపు నుంచి తిప్పి 100 వద్ద ఆపడానికి, మరొక వైపు నుంచి తిప్పి అదే 100 వద్ద ఆపడానికి కొద్ది తేడా ఉంటుంది. అందువల్ల ఎప్పుడూ ఒకే వైపు నుంచి తిప్పి ఆపడం మంచి అలవాటు. అంకె సరైనదో కాదో తేల్చే పరీక్ష ఒక్కటే: రైఫిల్‌ను కదలకుండా ఆనించి ఉంచి, తలను కొంచెం పైకి కిందికి కదిలించి చూడటం. రెటికిల్ లక్ష్యంపై జరిగితే నాబ్ ఇంకా తిరగవలసి ఉంది. జరగకపోతే అంకె ఏది చూపినా సర్దుబాటు పూర్తయినట్లే.

దృశ్యం స్పష్టంగా ఉన్నంత మాత్రాన చాలదా అన్న ప్రశ్న ఇక్కడ సహజంగా వస్తుంది. చాలదు. కంటికి తనంతట తాను ఫోకస్ మార్చుకునే శక్తి ఉండటమే ఇందుకు కారణం.

కంటి సర్దుబాటు దోషాన్ని కప్పిపుచ్చే తీరు

సిలియరీ కండరాల సాయంతో కంటి కటకం తన నాభ్యంతరాన్ని మార్చుకుంటుంది. ఈ శక్తి ఇరవై ఏళ్ల వయసులో సుమారు 10 డయాప్టర్లు ఉంటుంది. యాభై ఏళ్లు వచ్చేసరికి 2 డయాప్టర్లకు పడిపోతుంది. ప్రతిబింబం క్రాస్ హెయిర్ల తలంలో లేకపోయినా యువకుల కన్ను ఒక క్షణం స్టాఫ్‌పైకి, మరుక్షణం క్రాస్ హెయిర్లపైకి సర్దుకొని రెండింటినీ స్పష్టంగా చూపుతుంది. ఈ మార్పు చూసేవారికి తెలియకుండానే జరిగిపోతుంది. పెద్ద వయసువారి కంటికి ఆ శక్తి తక్కువ కనుక రెండింటిలో ఒకటి మసకబారుతుంది, లోపం బయటపడుతుంది. పారలాక్స్ విషయంలో అధ్యాపకుని కన్ను విద్యార్థి కన్నుకన్నా నిజాయతీగా ఉంటుందనడం అతిశయోక్తి కాదు. ‘సార్, నాకు బాగానే కనిపిస్తున్నది’ అనే విద్యార్థి నిజమే చెబుతున్నాడు. బాగా కనిపించడం ఇక్కడ సాక్ష్యం కాదు.

కన్ను ఎంత దోషాన్ని కప్పగలదనేది ఆవర్ధనంపై ఆధారపడుతుంది. ప్రతిబింబం స్థానంలోని తేడా కంటి వద్ద ఆవర్ధనపు వర్గం మేరకు పెరుగుతుంది. 100 గజాలకు స్థిరపరచిన 4 రెట్ల స్కోప్‌తో 50 గజాల లక్ష్యాన్ని చూసినప్పుడు కన్ను సర్దుకోవలసింది 0.2 డయాప్టర్ కూడా ఉండదు. ఎవరి కన్నూ దానిని గుర్తించదు; దృశ్యం పూర్తి స్పష్టంగానే ఉంటుంది; అయినా 10 మి.మీ. వరకు దోషానికి అవకాశం అలాగే ఉంటుంది. అదే 16 రెట్ల స్కోప్ అయితే 2.8 డయాప్టర్లు కావాలి. అప్పుడు చాలామందికి దృశ్యం మసకబారి, నాబ్ తిప్పమని హెచ్చరిక వస్తుంది. ఎక్కువ ఆవర్ధనం గల స్కోప్‌లకే ఈ నాబ్‌ను ఎక్కువగా అమర్చడానికి ఇది ఒక కారణం.

డంపీ లెవెల్‌లో దోషం పరిమాణం

డంపీ లెవెల్‌ను 1832లో విలియం గ్రావట్ రూపొందించాడు. పొట్టిగా, బలంగా ఉండే దాని దూరదర్శినికి నేడు సాధారణంగా 20 నుంచి 30 రెట్ల ఆవర్ధనం ఉంటుంది. పై సూత్రం ప్రకారం ఇంత ఆవర్ధనంలో పెద్ద దోషం దాగలేదు. స్టాఫ్‌ను 50 మీటర్ల నుంచి 20 మీటర్లకు తెచ్చి ఫోకసింగ్ స్క్రూను తాకకుండా చదవడం 20 రెట్ల పరికరంలో సాధ్యమే కాదు. అందుకు కన్ను 12 డయాప్టర్లు సర్దుకోవలసి వస్తుంది. ఫోకసింగ్ స్క్రూను తిప్పడం అందరూ చేస్తారు, చేయక తప్పదు కూడా. దోషం మిగిలేది మరొక చోట. అక్షికటకాన్ని తన కంటికి సరిచేసుకోని వ్యక్తి ఫోకసింగ్ స్క్రూను తిప్పుతూ తన కంటికి స్టాఫ్ స్పష్టమైన చోట ఆపుతాడు. ఆ స్పష్టత క్రాస్ హెయిర్ల తలంలో కాక, దానికి కొద్ది దూరంలో కుదురుతుంది.

ఈ మిగులు దోషానికి కూడా హద్దు కట్టవచ్చు. వస్తుకటకం వ్యాసార్ధాన్ని మిల్లీమీటర్లలోను, స్టాఫ్ దూరాన్ని మీటర్లలోను, కంటి సర్దుబాటు తేడాను డయాప్టర్లలోను తీసుకొని మూడింటినీ గుణించి, ఆవర్ధనపు వర్గంతో భాగిస్తే దోషం మిల్లీమీటర్లలో వస్తుంది. 30 మి.మీ. వస్తుకటకం, 20 రెట్ల ఆవర్ధనం, 2 డయాప్టర్ల తేడా అనుకుంటే 20 మీటర్ల వద్ద 1.5 మి.మీ., 40 మీటర్ల వద్ద 3 మి.మీ., 60 మీటర్ల వద్ద 4.5 మి.మీ., 100 మీటర్ల వద్ద 7.5 మి.మీ. గరిష్ఠ దోషం రావచ్చు. ఆచరణలో ఇంతకన్నా తక్కువే ఉంటుంది. ఈ పరికరం నుంచి కంటికి చేరే కాంతిపుంజం వెడల్పు 30ని 20తో భాగిస్తే వచ్చే 1.5 మి.మీ. మాత్రమే, కన్ను కొంచెం పక్కకు జరగగానే దృశ్యం అంచు నల్లబడి హెచ్చరిస్తుంది. 4 రెట్ల స్కోప్‌లో అదే పుంజం 10 మి.మీ. ఉంటుంది కనుక అక్కడ కంటికి అంత స్వేచ్ఛ.

సాధారణ లెవెలింగ్ స్టాఫ్‌పై కనీస విభాగం 5 మి.మీ. కాబట్టి 4 మి.మీ. దోషాన్ని పట్టించుకోనవసరం లేదనే వాదన ఉంది. ఒక్క రీడింగ్‌ను మాత్రమే చూస్తే ఆ వాదనలో కొంత బలం ఉంది. పొలాన్ని చదును చేసే లెక్కలో మాత్రం అన్ని రీడింగులూ సమానం కావు. గ్రిడ్ బిందువులలో ఒకదాని రీడింగ్ తప్పితే ఆ బిందువు చుట్టూ ఉన్న నేల మాత్రమే ప్రభావితమవుతుంది. ఛేంజ్ పాయింట్ వద్ద తప్పితే దాని తరువాత వచ్చే బిందువులన్నీ ఒక్కుమ్మడిగా పైకో కిందికో జరుగుతాయి.

రెండెకరాల వరి పొలాన్ని రెండు చోట్ల పరికరం నిలిపి సర్వే చేశారనుకుందాం. ఛేంజ్ పాయింట్ 60 మీటర్ల దూరంలో ఉంది. మొదటి స్థానం నుంచి ఫోర్ సైట్‌ను ఒక విద్యార్థి, రెండవ స్థానం నుంచి బ్యాక్ సైట్‌ను మరొక విద్యార్థి చదివారు. ఇద్దరి కళ్లూ అక్షికటకానికి సరిపడలేదు. దోషాలు వ్యతిరేక దిశలలో పడ్డాయి. 4.5 చొప్పున 9 మి.మీ. తేడా వచ్చింది. అంటే లేని మెట్టు ఒకటి కాగితంపై పొలం మధ్యలో ఏర్పడింది. చదును లెక్క ప్రకారం ఎత్తుగా కనిపించిన ఎకరంలో సగటున 4.5 మి.మీ. తవ్వి రెండవ ఎకరంలో పోయాలి. ఎకరం 4047 చదరపు మీటర్లు కనుక అది సుమారు 18 ఘనపు మీటర్ల మట్టి. మూడు ఘనపు మీటర్లు పట్టే ట్రాలీతో ఆరు లోడ్లు. రైతు డబ్బు పెట్టి ఆరు లోడ్ల మట్టిని ఒక పక్క నుంచి మరొక పక్కకు తోలించి, లేని మెట్టును ఉన్న మెట్టుగా చేసుకున్నట్లవుతుంది.

వరి పొలంలో ఎత్తుపల్లాలు రెండు సెంటీమీటర్ల లోపు ఉండాలని ఆశిస్తాం. డ్రమ్ సీడర్‌తో మొలకెత్తిన విత్తనం వేసే పొలంలో పల్లపు చోట నీరు నిలిస్తే విత్తనం కుళ్లుతుంది, మెరక చోట నేల ఆరి కలుపు ముందుకు వస్తుంది. అటువంటి చోట ట్రాక్టరు పనిలో వచ్చే తేడాకు సర్వేలోనే 9 మి.మీ. కలిపి ఇవ్వడం న్యాయం కాదు. మెట్ట భూములలోనూ సంగతి ఇంతే. గ్రేడెడ్ కట్టకు 0.2 శాతం వాలు ఇవ్వాలంటే 30 మీటర్ల పొడవుకు దిగవలసింది 6 సెంటీమీటర్లు మాత్రమే. అందులో ఒక సెంటీమీటరు తప్పితే వాలులో ఆరోవంతు పోయినట్లే.

పొలంలో చేయవలసిన విధానం

ముందుగా అక్షికటకం. వస్తుకటకం ముందు తెల్లకాగితం పట్టాలి, లేదా దూరదర్శినిని స్టాఫ్ లేని తెల్లని ఆకాశం వైపు తిప్పాలి. సూర్యుని వైపు ఎట్టి పరిస్థితులలోనూ తిప్పకూడదు. అక్షికటకాన్ని క్రాస్ హెయిర్లు పూర్తిగా మసకబారేవరకు బయటికి తిప్పి, అక్కడి నుంచి నెమ్మదిగా లోపలికి తిప్పుతూ అవి నల్లగా, సన్నగా కనిపించిన మొదటి క్షణంలోనే ఆపాలి. బయటి నుంచి లోపలికి రావడం ముఖ్యం. ఈ దిశలో వచ్చినప్పుడు కన్ను విశ్రాంత స్థితిలో ఉండగానే క్రాస్ హెయిర్లు స్పష్టమవుతాయి. లోపలి నుంచి బయటికి తిప్పితే కన్ను ముందే శ్రమపడి సర్దుకొని, స్పష్టత వచ్చినట్లు భ్రమ కలిగిస్తుంది. అక్షికటకంలోకి రెప్ప వేయకుండా చూస్తూ తిప్పడం కూడా ఇందుకే పనికిరాదు. రెండు మూడు క్షణాలు చూసి, దూరాన ఉన్న చెట్లవైపు చూపు మరల్చి, మళ్లీ చూడాలి. స్కోప్‌లో రెటికిల్‌ను సరిచేసేవారు పాటించే పద్ధతి కూడా ఇదే.

తరువాత స్టాఫ్ వైపు తిప్పి ఫోకసింగ్ స్క్రూతో ప్రతిబింబాన్ని స్పష్టం చేయాలి. ఆపై కంటిని అక్షికటకం వద్ద కొంచెం పైకి, కొంచెం కిందికి కదిలించాలి. అడ్డు క్రాస్ హెయిర్ స్టాఫ్‌పై కదిలితే ఫోకసింగ్ స్క్రూను స్వల్పంగా తిప్పి మళ్లీ పరీక్షించాలి. రెండు మూడు ప్రయత్నాలలోనూ కదలిక పోకపోతే లోపం అక్షికటకంలో ఉన్నట్లు, మొదటికి రావాలి. డయాఫ్రమ్‌ను పట్టి ఉంచే క్యాప్‌స్టన్ మరలను ఈ సందర్భంలో ముట్టుకోకూడదు. అవి దృష్టిరేఖను నిర్ణయించే శాశ్వత సర్దుబాటుకు సంబంధించినవి. ఒక మిల్లీమీటరు పారలాక్స్‌ను వదిలించుకోబోయి ఆ మరలను తిప్పినవారు పరికరాన్ని వర్క్‌షాపుకు పంపవలసి వస్తుంది.

కళ్లద్దాలు వాడేవారు ఏదో ఒక పద్ధతికి కట్టుబడాలి. అద్దాలు పెట్టుకొని అక్షికటకాన్ని సరిచేసి, తరువాత అవి తీసి రీడింగ్ తీసుకుంటే అద్దాల పవర్ ఎంతో అంత తేడా వచ్చి చేరుతుంది. కేవలం హ్రస్వదృష్టి ఉన్నవారికి అక్షికటకమే దానిని సరిదిద్దగలదు కనుక అద్దాలు లేకుండా చూడవచ్చు. సిలిండర్ పవర్ ఉన్నవారు అద్దాలతోనే చూడాలి.

ఆటో లెవెల్ వచ్చిన తరువాత ఈ సర్దుబాటు అవసరం లేదన్న అభిప్రాయం కొందరిలో ఉంది. ఆటో లెవెల్‌లోని కాంపెన్సేటర్ దృష్టిరేఖ స్వల్పంగా వంగినప్పుడు దానిని క్షితిజ సమాంతరం చేస్తుంది. ప్రతిబింబం ఏ తలంలో పడిందో, చూసేవారి కన్ను ఎటువంటిదో దానికి తెలియదు. బార్‌కోడ్ స్టాఫ్‌ను తానే చదివే డిజిటల్ లెవెల్‌లోను, లేజర్ రిసీవర్‌లోను మాత్రమే కంటి పాత్ర ఉండదు.

స్టాఫ్ దూరాలను సమానంగా ఉంచడం వల్ల కూడా ఒక మేలు ఉంది. ఒకే వ్యక్తి, ఒకే సర్దుబాటుతో, కంటిని ఒకే వైపు ఉంచి చూస్తే మిగులు దోషం దూరానికి అనుపాతంలో ఒకే దిశలో వస్తుంది. బ్యాక్ సైట్, ఫోర్ సైట్ దూరాలు సమానమైతే తీసివేతలో అది పోతుంది. పొడవైన విద్యార్థి పొట్టిగా నిలిపిన త్రిపాదిపై వంగి చూసినప్పుడు కన్ను ఎప్పుడూ పై అంచుకే చేరుతుంది; అటువంటి చోట ఈ జాగ్రత్త నిజంగా అక్కరకు వస్తుంది.

దూరదర్శిని లేని పరికరాలు

వర్షమాపకపు కొలపాత్ర, ఉష్ణమాపకం, బ్యూరెట్ వంటి వాటిలోనూ పారలాక్స్ అనే మాటనే వాడతాం. అక్కడ స్కేలుకు, ద్రవమట్టానికి మధ్య గాజు మందం ఉంటుంది కనుక ఆ రెండింటినీ ఒకే తలంలోకి తెచ్చే నాబ్ ఏదీ ఉండదు. కన్ను ద్రవమట్టానికి సమానమైన ఎత్తులో ఉండటమే మార్గం; నీటి విషయంలో చంద్రవంక అడుగుభాగాన్ని చదవాలి. ముల్లు గల కొన్ని మీటర్లలో స్కేలు పక్కన అద్దం పట్టీ అమర్చి, ముల్లు దాని ప్రతిబింబాన్ని కప్పినప్పుడు చదివే ఏర్పాటు ఉంటుంది. దూరదర్శినిలో తల కదిలించి చేసే పరీక్షకు అది మరో రూపమే.

బృంద ప్రాక్టికల్స్‌లో

ఐదారుగురు విద్యార్థులకు ఒక పరికరం ఇచ్చినప్పుడు అందరికీ అవకాశం రావాలని ఒక్కొక్కరి చేత ఒక్కొక్క రీడింగ్ తీయిస్తాం. ఉద్దేశం మంచిదే. అయితే అక్షికటకం మొదటి విద్యార్థి కంటికే సరిచేసి ఉంటుంది. మిగిలిన వారు దానిని ముట్టుకోరు, ముట్టుకుంటే సర్దుబాటు చెడుతుందని భయపడతారు కూడా. నిజానికి వ్యక్తి మారినప్పుడల్లా మార్చవలసింది అదొక్కటే. అంత సమయం లేకపోతే, పరికరం ఒకే చోట ఉన్నంతసేపు బ్యాక్ సైట్ చదివిన విద్యార్థి చేతనే ఫోర్ సైట్‌నూ చదివించాలి. మధ్యలోని ఇంటర్మీడియట్ సైట్లను మిగిలిన వారికి పంచవచ్చు. కొన్ని పరికరాల అక్షికటకంపై డయాప్టర్ అంకెలుంటాయి. ప్రతి విద్యార్థీ తన అంకెను రికార్డు మొదటి పేజీలో రాసుకుంటే తరువాతి తరగతులలో సమయం కలిసివస్తుంది.

బ్యాక్ సైట్ల మొత్తం నుంచి ఫోర్ సైట్ల మొత్తాన్ని తీసివేసి చేసే అంకగణిత తనిఖీ సరిపోయినంత మాత్రాన రీడింగులు సరైనవని విద్యార్థులు భావించడం పరిపాటి. ఆ తనిఖీ కూడికలు, తీసివేతలు సరిగ్గా ఉన్నాయని మాత్రమే చెబుతుంది. తప్పుడు రీడింగులతో కూడా అది చక్కగా సరిపోతుంది. బెంచ్ మార్క్ వద్దకు తిరిగి వచ్చి సర్క్యూట్‌ను ముగిస్తేనే పారలాక్స్ వంటి దోషాలు బయటపడే అవకాశం ఉంటుంది.

మొదటి ప్రాక్టికల్‌లోనే ఒక చిన్న అభ్యాసం చేయించవచ్చు. స్టాఫ్‌ను 60 మీటర్ల దూరంలో గట్టి నేలపై నిలిపి, ఐదుగురి చేత అక్షికటకాన్ని తాకకుండా, ఫోకసింగ్ స్క్రూను మాత్రం ఎవరి కంటికి తగినట్లు వారు తిప్పుకొని, మిల్లీమీటరు వరకు అంచనా వేసి రీడింగ్ తీయించాలి. ఒకరి రీడింగ్ మరొకరికి తెలియకూడదు. తరువాత ప్రతి ఒక్కరి చేత అక్షికటకాన్ని సరిచేయించి, తల కదిలించే పరీక్ష చేయించి, రెండవసారి తీయించాలి. రెండు వరుసలలోనూ అత్యధిక, అత్యల్ప రీడింగుల తేడాను రికార్డులో పక్కపక్కన రాయించాలి. పది రీడింగులూ పూర్తయ్యేవరకు స్టాఫ్ పట్టుకున్న విద్యార్థి దానిని నేలపై నుంచి ఎత్తకూడదు. ప్రతి రీడింగ్‌కు ముందు బుడగ నడిమిన ఉన్నదో లేదో మరొకరు చూసి చెప్పాలి.